కోరింగ అభయారణ్యంలో బురద నమూనాలు తీయాలంటే: పరిశోధక విద్యార్థులకు దరఖాస్తు విధానం

ఇసుక రేణువుల మధ్య, మడ అడవుల బురదలో కంటికి కనపడని జంతువులు బతుకుతుంటాయి. నులిపురుగులు, కోపిపాడ్లు, టార్డిగ్రేడ్లు లాంటివి. వీటన్నిటినీ కలిపి మియోఫానా అంటారు. మన తీరంలో ఈ పని కొత్తది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు 1960లలోనే వాల్తేరు ఇసుక తీరాల్లో వీటిని వెతికారు. మీరూ ఆ దారిలో కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకు వెళ్లాలనుకుంటే ముందు ఒక కాగితం కావాలి.

కోరింగ 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ పరిశోధన చేయడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వాలి. విశాఖ ఆర్కే బీచ్ లాంటి చోట ఇది అవసరం పడదు. ఓడరేవు, నౌకాదళ హద్దుల దగ్గర మాత్రం సంబంధిత అధికారులను ముందుగా అడగండి.

దరఖాస్తును చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పేరిట రాసి, గైడ్ సంతకంతో, విభాగాధిపతి ద్వారా పంపండి. పరిశోధన ప్రతిపాదన, నమూనాలు తీసే చోట్ల అక్షాంశ రేఖాంశాలు, తేదీలు, వెంట వచ్చేవారి గుర్తింపు కార్డులు జత చేయాలి. వార్డెన్ ఆఫీసు సాధారణంగా స్థానిక అటవీ డివిజన్ అభిప్రాయం అడుగుతుంది. అందుకే ఒక ప్రతిని అక్కడా ఇచ్చి, రేంజ్ ఆఫీసర్‌ను స్వయంగా కలవండి. కనీసం మూడు నెలల ముందు మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

ఎక్కువమంది తడబడేది 'ఏ జంతువులు, ఎన్ని?' అన్న ప్రశ్న దగ్గర. నా మొదటి దరఖాస్తులో 'ముందుగా చెప్పలేము' అని రాశాను. అది వెనక్కి వచ్చింది. రావడం న్యాయమే. చదివే అధికారికి అడవి ప్రాణుల మీద బాధ్యత ఉంది. సంఖ్య తెలియని సేకరణకు ఆయన ఎలా సంతకం పెడతారు? చదరపు మీటరు బురదలో ఈ జీవులు లక్షల్లో ఉండొచ్చు కాబట్టి తలలు లెక్కపెట్టి చెప్పడం కుదరదు. అందుకే బురదను లెక్క కట్టి రాయండి. 3.6 సెంటీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టాన్ని 10 సెంటీమీటర్ల లోతుకు దింపితే సుమారు 100 మిల్లీలీటర్ల బురద వస్తుంది. 5 చోట్ల మూడేసి గొట్టాలు తీస్తే లీటరున్నర. ఏడాదికి నాలుగు సార్లు వెళ్తే 6 లీటర్లు, అంటే ఒక బకెట్టు కూడా నిండదు. ఈ లెక్క కనపడితే దరఖాస్తు చదివేవారికి మీ పని మొత్తం అర్థమవుతుంది.

దాని కిందే పద్ధతి రాయండి: బురదను 500 మైక్రాన్ల జల్లెడలోంచి వడకట్టి, 63 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలినదాన్ని తీసుకుంటామని, పై జల్లెడలో చిక్కిన పీతపిల్లలు, నత్తలు బతికుంటే అక్కడే వదిలేస్తామని. నమూనాలు చెడిపోకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలిపే పని ల్యాబ్‌లో గానీ ఒడ్డున గానీ చేస్తామని, చుక్క కూడా కాలువలో పడనివ్వమని స్పష్టంగా చెప్పండి. లోపలికి వెళ్లే అనుమతి, నమూనా బయటికి తెచ్చే అనుమతి రెండూ ఒకే దరఖాస్తులో విడివిడిగా అడగండి. వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలో, అంటే రక్షిత జీవుల జాబితాల్లో ఉన్న జీవులను పట్టుకోవాలంటే 12వ సెక్షన్ కింద వేరే అనుమతి కావాలి. సముద్ర దోసకాయలు అలాంటివే.

తేదీలు నిర్ణయించేటప్పుడు ఇన్‌కాయిస్ (హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే ఆటుపోట్ల అంచనా చూసుకోండి. బురద బయటపడేది నీరు వెనక్కి తగ్గే ఆటులోనే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో పడవ సంగతి ముందే మాట్లాడుకోవాలి. హోప్ ఐలాండ్ వైపు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రి పని అడగకపోవడమే మంచిది.

విదేశాల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఒక మాట. మీ పాస్‌పోర్టు భారతీయమైనా, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఎన్నారై అయితే 2002 జీవవైవిధ్య చట్టం 3వ సెక్షన్ మీకు వర్తిస్తుంది. నమూనా ముట్టుకోకముందే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఆమోదం తీసుకోవాలి.

అనుమతి వచ్చాక దాని నకలు పడవలో మీ వెంటే ఉండాలి. పని ముగిశాక నివేదికను అటవీ శాఖకు ఇవ్వండి. కొత్త జాతి దొరికితే దాన్ని ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి, నమూనాను అక్కడ జమ చేయడం జీవవైవిధ్య చట్టం పెట్టిన బాధ్యత. ప్రతి సీసా మీద అనుమతి పత్రం నంబరు, తేదీ, చోటు పెన్సిల్‌తో రాసిన చీటీ వేయండి. సిరా అయితే నమూనాలు దాచే ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.