శస్త్రచికిత్సకు ముందు పెంపుడు జంతువును సిద్ధం చేయడం

రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లినా, మీ పేటలోని క్లినిక్‌కే వెళ్లినా, మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉన్నందున, ఎదిగిన కుక్కకైనా పిల్లికైనా ముందురోజు రాత్రి భోజనం తరువాత ఆహారం ఆపివేయాలి. ఇంట్లో అమ్మమ్మ జాలిపడి పెట్టే పెరుగన్నం ముద్ద కూడా ఆహారమే. నీళ్లు సాధారణంగా ఉదయం వరకు ఉంచవచ్చు. చిన్న కూనలను అంతసేపు పస్తు ఉంచితే రక్తంలో చక్కెర పడిపోతుంది కనుక, వాటి గడువును వైద్యుడినే అడగాలి.

శస్త్రచికిత్సకు ముందు మీతో సంతకం చేయించుకునే అంగీకార పత్రంలోని అదనపు సేవలన్నింటికీ ఒప్పుకోనక్కరలేదు. అయితే మూత్రపిండాలు, కాలేయం పనితీరు తెలిపే రక్తపరీక్షను, ముఖ్యంగా వయసు మళ్లిన జంతువుకు, వదులుకోకూడదని నా అభిప్రాయం. సెలైన్, నొప్పి మందు ప్రధాన రుసుములోనే కలిసి ఉన్నాయేమో ముందే కనుక్కోవాలి. జంతువు గుర్తింపు కోసం చర్మం కింద అమర్చే బియ్యపు గింజంత మైక్రోచిప్‌ను మత్తులో ఉండగానే వేయించడం సుఖం. గోళ్ల కత్తిరింపు తరువాతైనా చేయించవచ్చు.