ముసురు పట్టకముందే చేపల తొట్టి సంగతి చూసుకోండి

మన నెల్లూరోళ్లకి అసలు వానలు అక్టోబరులోనే మొదలు. జులైలో పైజిల్లాలన్నీ తడుస్తుంటే మనం ఫ్యాను కింద కూర్చుని చెమటలు తుడుచుకుంటాం. మన వాన్లో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, అదీ ఒక్కో వాయుగుండానికి ఒక్కో కుంభవృష్టిగా పడుతుంది. ఒంగోలు, సింగరాయకొండ వైపు కూడా ఇంచుమించు ఇదే కథ. వాయుగుండం అనగానే ఇంట్లో కొవ్వొత్తులు, పాలపొడి, బియ్యం చూసుకుంటాం, స్కూటీ ఎత్తుమీద పెట్టుకుంటాం, హాల్లో రంగు లైటు కింద తిరిగే గోల్డ్ ఫిష్‌లు మాత్రం కరెంటు పోయేదాకా ఎవరికీ గుర్తుకు రావు.

నాకూ రాలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గదా, దానికి ముందు రెండు రోజులు మన దగ్గర గాలీ వానా ఎట్లా కొట్టిందో గుర్తుండే ఉంటుంది. వేదాయపాళెంలో మా వీధికి రెండు రాత్రులు కరెంటు లేదు. మూడడుగుల తొట్టిలో తొమ్మిది చేపలుంటే చివరికి రెండే మిగిలాయి. అందులో మూడు మాత్రమే కరెంటు లేనప్పుడు పోయాయి. మిగతా నాలుగు కరెంటు వచ్చాక, నా చేతులారా పోయాయి. ఎట్లాగో కిందకొచ్చి చెప్తాను.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి. కరెంటు పోతే తొట్టిలో చేప ఆకలితో చావదు. ముందు గాలి చాలక చస్తుంది, దాన్ని తట్టుకుంటే తర్వాత తన విసర్జన, మురికి వల్ల నీళ్లలో చేరే అమ్మోనియాతో చస్తుంది. ఈ రెండూ మన జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా పడుకునే కుర్రాణ్ణి అడగండి, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఎంతసేపట్లో జనరేటర్ వేయాలో, తెల్లారుజామున మూడు నాలుగు గంటలకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఎందుకు పడిపోతుందో నిద్రలో లేపినా చెప్తాడు. ఎకరాల గుంటకి ఏ లెక్కో మన రెండడుగుల తొట్టికీ అదే లెక్క. కాకపోతే ఇక్కడ కాపలా వాడు నిద్రపోతుంటాడు.

25 డిగ్రీల నీళ్లలో లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకి 7.5 దాకానే. తుఫాను రోజుల్లో నీళ్లు కాస్త చల్లబడతాయి కాబట్టి ఆ మేరకు మనకి లాభమే, అది మే నెల కరెంటు కోత కంటే నయం. కానీ నీళ్లలోకి గాలి దిగేది పైనుంచే. పంపు బుడగలు చేసే పనల్లా ముఖ్యంగా పైనీళ్లని కదిలించడం. కదలిక ఆగితే చేపలూ, మొక్కలూ, అడుగున పేరుకున్న మురికిని తినే సూక్ష్మజీవులూ అన్నీ కలిసి ఉన్నదాన్ని వాడేసుకుంటాయి. మొక్కలున్నాయి కదా ఆక్సిజన్ ఇస్తాయిలే అనుకోవద్దు, వెలుతురు లేకపోతే అవీ పీల్చుకునేవే. పచ్చగా నాచు పట్టిన తొట్టి పగలు బాగుంటుంది, తెల్లారేసరికి అందులో చేపలే ముందు తేలిపోతాయి.

కాబట్టి మొదటి జాగ్రత్త, చేపల లెక్క. దీపావళి దాటకముందే తొట్టి కొలుచుకోండి. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే నిండా పోసినా 56 లీటర్లే. అందులో అరచేతిలో సగం ఉండే గోల్డ్ ఫిష్‌లు ఆరేడు ఉన్నాయంటే కరెంటు ఉన్నన్నాళ్లూ పంపు వాటిని మోస్తోందన్నమాట, అది ఆగిన రాత్రి ఎవరూ మోయరు. నాలుగు తీసి ఎవరికైనా ఇవ్వండి. పెన్నలోనో స్వర్ణాల చెరువులోనో వదలడం మాత్రం పుణ్యం కాదండీ. అద్దాలు శుభ్రం చేస్తుందని కొనుక్కున్న సక్కర్ చేపని పెద్దదైందని కాలవల్లో వదిలేసిన పుణ్యాత్ముల వల్లే ఇవాళ చెరువుల్లో దెయ్యం చేప పడి వలలు చింపేస్తోంది.

చేపని బట్టి కూడా తేడా ఉంది. ఫైటర్, గౌరామీ లాంటివి మన కొర్రమీను లాగా పైకొచ్చి నేరుగా గాలి మింగగలవు, పంపు లేకపోయినా అంత టెన్షన్ లేదు, మూతకీ నీళ్లకీ మధ్య మూడు నాలుగు వేళ్ల సందు వదిలితే చాలు. గోల్డ్ ఫిష్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, డిస్కస్ ఉన్నవాళ్లకే అసలు పరీక్ష.

ఇక సరంజామా. వాన మొదలయ్యాక ట్రంక్ రోడ్డులో తెచ్చుకుందాంలే అనుకుంటే అప్పటికి షట్టర్లు దించేసి ఉంటాయి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవేనే తెగింది, ఆ పరిస్థితిలో ఆన్‌లైన్‌లో పెట్టిన పంపు ఎప్పుడొస్తుంది? ముందే ఒక బ్యాటరీ ఎయిర్ పంపు, పెద్ద సెల్స్‌తో నడిచేది, రెండు జతల సెల్స్‌తో సహా కొని పెట్టుకోండి. లేదా యూఎస్‌బీ పంపు. అది తినేది ఒకటి రెండు వాట్లే కాబట్టి 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో ఒక రాత్రి లాగేయొచ్చు. ఇక్కడొక తిరకాసు ఉంది, చాలా పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగుతుంటే ఫోను నిండిపోయిందనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. మీరేమో పంపు పెట్టాం కదా అని ధీమాగా పడుకుంటారు. అందుకని ఎండగా ఉన్న ఒక రోజు ఊరికే పెట్టి రెండు మూడు గంటలు చూడండి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఎయిర్ పంపుని నిక్షేపంగా దానిమీద వేసుకోవచ్చు, మామూలు పంపు నాలుగైదు వాట్లే కదా. హీటర్‌ని మాత్రం వేయకండి, వందా రెండొందల వాట్లు లాగి బ్యాటరీని ఖాళీ చేస్తుంది, ఆపైన ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఖాళీ చేస్తారు. పంపు నీళ్లకంటే కింద పెట్టి ఉంటే గొట్టానికి చెక్ వాల్వ్ తప్పనిసరి. చిన్న ప్లాస్టిక్ ముక్కే, కరెంటు పోగానే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి జారి పంపులోకీ, దాన్నుంచి బోర్డులోకీ పోకుండా ఆపుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద పెట్టినవాళ్లు ఇవాళే గోడకి ఎత్తించండి. ప్లగ్గుకి వెళ్లే వైరు కూడా ఒకసారి కిందకి వేలాడి మళ్లీ పైకెళ్లేలా ఉంటే కారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా కిందే రాలిపోతుంది.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఏం చేయాలంటే, అడుగున మురికిని గొట్టంతో లాగేసి పాతిక శాతం నీళ్లు మార్చండి. ఇంకో డ్రమ్ములో నీళ్లు పట్టి, కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి ఉంచుకోండి. ఫిల్టర్‌ని మాత్రం ఆ రోజు కడగొద్దు. పండక్కి ఇల్లు కడిగినట్టు స్పాంజీని కుళాయి కింద పెట్టి తెల్లగా పిండేస్తే అమ్మోనియాని తినే మంచి బ్యాక్టీరియా అంతా తూములోకి పోతుంది, సరిగ్గా దాని అవసరం పడే ముందు రోజు. ఆ సాయంత్రం నుంచే మేత ఆపేయండి. ఎదిగిన చేప మూడు నాలుగు రోజులు ఏమీ తినకపోయినా దానికేం కాదు. ఈ మాట మా అమ్మకి చెప్పడమే కష్టమైంది, కరెంటు లేదు, పాపం ఆకలితో కూడా ఉన్నాయి అంటూ నేను చూడనప్పుడల్లా చిటికెడు గింజలు వేసేది. చీకట్లో అవి తినవు, గింజ అడుగున కుళ్లి ఉన్న కాస్త గాలినీ తినేస్తుంది, పైగా అమ్మోనియా. ఇంట్లో పెద్దవాళ్లూ పిల్లలూ ఉంటే మేత డబ్బా దాచేయండి, అంతకుమించి మార్గం లేదు.

కరెంటు పోయాక పంపూ లేదు, ఇన్వర్టరూ చచ్చింది అనుకోండి. ఒక చెంబు తీసుకుని తొట్టి నీళ్లే ముంచి అడుగు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. గంటకోసారి ఐదు నిమిషాలు. బోర్ కొడుతుంది, చేయి లాగుతుంది, కానీ పని చేస్తుంది. ఒక పెద్ద ప్లాస్టిక్ సీసా అడుక్కి సూదితో చిల్లులు పెట్టి తొట్టిపైన వేలాడదీసి నింపుతుంటే కాస్త విశ్రాంతి దొరుకుతుంది. నీటిమట్టం కొంచెం తగ్గిస్తే పడే ఎత్తు పెరుగుతుంది, కానీ బాగా తగ్గించకండి, నీళ్లు తగ్గేకొద్దీ మురికి చిక్కబడుతుంది. చేపలు మూతి పైకి పెట్టి గుటకలేస్తున్నాయంటే ఆలస్యమైనట్టే, ఆగకుండా పోయండి. రాత్రి రెండు గంటల నుంచి తెల్లారేదాకా ఇంట్లో వంతులు వేసుకోండి.

గుంటల్లో వేసే ఆక్సిజన్ బిళ్లలు మన ఆక్వా షాపుల్లో దొరుకుతాయి కదా అని ఒకటి తెచ్చి పడేయకండి. ఎకరాల లెక్కన తయారైన మందు అది, రెండడుగుల తొట్టిలో అందాజుగా వేస్తే మొప్పలు కాలిపోతాయి. అదే షాపులో దొరికే జియోలైట్ మాత్రం మంచిదే, పొడి కాకుండా గుళికలది తీసుకుని కడిగి గుడ్డ సంచిలో కట్టి తొట్టిలో వేలాడదీస్తే కొంత అమ్మోనియా పట్టుకుంటుంది. అయితే అది ఉన్నప్పుడు ఉప్పు వేయొద్దు, ఉప్పు తగిలితే పట్టుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే వదిలేస్తుంది.

ఇంకొకటుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. వాన వెనకాలే దోమలు వస్తాయి. తలుపులు మూసిన గదిలో దోమల బత్తి వెలిగిస్తాం, లిక్విడ్ పెడతాం, చీకట్లో స్ప్రే కొడతాం. వాటిల్లో ఉండే మందు మనకి పెద్దగా ఏమీ చేయకపోవచ్చు, చేపలకి మాత్రం విషమే. ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది కదా. ఆ గదిలో దోమతెర కట్టుకోండి. వీధిలోకి పొగ బండి వస్తే కిటికీలు మూసి, తొట్టి మీద తడిగుడ్డ కప్పి, ఓ అరగంట పంపు ఆపండి.

కింది అంతస్తులో నీళ్లొచ్చే ఇళ్లవాళ్లు నిండు తొట్టిని ఎత్తాలని చూడొద్దు. మూడడుగుల తొట్టంటే ఒకటిన్నర క్వింటాలు దాటుతుంది, ఎత్తగానే అతుకు వదులుతుంది. లోతు బకెట్ కాకుండా వెడల్పు టబ్బులో తొట్టి నీళ్లే సగం పోసి చేపల్ని పైకి తీసుకెళ్లండి, మీద వల గుడ్డ కట్టండి.

ఇప్పుడు నా నాలుగు చేపల సంగతి. మూడో రోజు పొద్దున కరెంటు వచ్చింది, ఆ సంతోషంలో అన్ని స్విచ్‌లూ ఒకేసారి వేశాను. కింద డబ్బాలాంటి క్యానిస్టర్ ఫిల్టర్ ఉంది. రెండు రోజులు మూసిన డబ్బాలో కదలకుండా ఉన్న నీళ్లు, లోపల బ్యాక్టీరియా గాలి లేక చచ్చి కుళ్లి, కోడిగుడ్డు మురిగిన వాసన. అదంతా ఒక్క నిమిషంలో తొట్టిలోకి కొట్టింది. అప్పటిదాకా బతికి బట్టకట్టిన ఆరింట్లో నాలుగు సాయంత్రానికి పక్కకి వాలాయి. కరెంటు పోయి మూడు నాలుగు గంటలు దాటితే క్యానిస్టర్ విప్పండి, లోపలి నీళ్లు పారబోయండి, స్పాంజీలూ రాళ్లూ తొట్టి నీళ్లలోనే జాడించి అప్పుడు వేయండి. ముందు ఎయిర్ పంపు వేసి, వోల్టేజీ కుదురుకున్నాక ఫిల్టర్, ఆఖర్న హీటర్, అదీ నీళ్లలో పూర్తిగా మునిగి ఉందో లేదో చూసుకుని.

వెంటనే సగం నీళ్లు మార్చేద్దామనీ అనిపిస్తుంది. వద్దు. మన తీరం బోర్లలో ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్లు ఎక్కువ, పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత, కూడా ఎక్కువే. రెండు రోజులు నిలిచిన తొట్టిలో పీహెచ్ పడిపోయి ఉంటుంది, అందువల్లే అందులోని అమ్మోనియా అంత ప్రమాదం లేని రూపంలో ఉంటుంది. ఒక్కసారిగా బోరు నీళ్లు కుమ్మరిస్తే పీహెచ్ ఎగిరి అదే విషంగా మారుతుంది. రోజుకి 15, 20 శాతం చొప్పున మార్చండి. వరద తర్వాత కుళాయిలో బ్లీచింగ్ మామూలుకంటే ఎక్కువ కలుపుతారు, యాంటీ క్లోరిన్ లేకుండా ఒక్క మగ్గు కూడా పోయకండి. డాబా మీద పట్టిన వాననీళ్లు బాగానే కనిపిస్తాయి గానీ అందులో ఖనిజాలు ఉండవు, పావురాల రెట్ట ఉంటుంది.

ఆ తర్వాత వారం పది రోజులు ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు వస్తాయేమో చూస్తుండండి, చలికి ఒత్తిడికి వచ్చేదే అది. వస్తే నీళ్లని మెల్లగా 30 డిగ్రీలకి తెచ్చి గాలి పెంచి, షాపులో దొరికే వైట్ స్పాట్ మందు సీసా మీద రాసినంతే వేయండి. గాలి తక్కువున్న తొట్టిలో మందు పోయొద్దు. మేత కరెంటు వచ్చిన మర్నాడు నుంచి, రోజూ వేసేదాంట్లో పావు వంతు. అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి ఇంట్లో ఉంటే ఊహించుకునే పని ఉండదు.

కొత్త చేపలు వెంటనే తేవద్దు. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా మళ్లీ నిలబడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ ఏడు మా తొట్టిలో సంక్రాంతి దాకా ఆ రెండే తిరిగాయి, వచ్చిన చుట్టాలంతా ఇంత పెద్ద తొట్టిలో రెండే చేపలేందిరా అబ్బయ్యా అని అడిగినవాళ్లే.