‘కొందరు’ అంటే ఎవరండీ? వాట్సాప్ గ్రూప్ గొడవలు: సమస్య - పరిష్కారం

మా అపార్ట్‌మెంట్‌లో 64 ఫ్లాట్లు, గ్రూప్‌లో 118 మంది. రెండేళ్ళుగా దానికి నేను అడ్మిన్‌ని. “అందరం చదువుకున్నవాళ్ళమే, మనకి మళ్ళీ క్లాస్ లీడర్ ఎందుకు?” అని మొదట్లో అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. పదిహేను మంది స్నేహితుల గ్రూప్‌కైతే ఆ మాట ఇప్పటికీ నిజమే. మా కాలేజీ బ్యాచ్ గ్రూప్‌కి అడ్మిన్ ఎవరో నాకు తెలీదు. ఎవడైనా హద్దు మీరితే ఇంకొకడు ఫోన్ చేసి నాలుగు తిడతాడు, అక్కడితో సరి. ఒకరి మొహం ఒకరికి సరిగా తెలియని వందమంది చేరినచోట మాత్రం ఆ ఫోన్ చేసే పని ఎవరో ఒకరికి అప్పజెప్పాలి. అడ్మిన్ పనిలో ముప్పాతిక వంతు ఆ ఫోనే.

ఈ రెండేళ్ళలో చూసిన జబ్బులు, వాటికి పనిచేసిన మందులు ఇవి.

లక్షణం: రాత్రి తొమ్మిదిన్నరకి ఒక మెసేజ్, పన్నెండింటికి నూట నలభై

మా దగ్గర జరిగింది చెబుతాను. ఏప్రిల్ నెల, బోరు అడుగంటింది, ట్యాంకర్లు తెప్పిస్తున్నాం. ఒకాయన రాశారు: “కొందరు పైపు పెట్టి కార్లు కడుగుతున్నారు. కొంచెం ఆలోచిస్తే బాగుంటుంది.” రెండో నిమిషంలో జవాబు: “కొందరు అంటే ఎవరండీ?” మూడోది: “తెలిసినవాళ్ళకి తెలుసులెండి.” ఇక చూడండి. కారే లేని ఆవిడ కూడా తనని అన్నారని బాధపడింది. పార్కింగ్ పాత గొడవ పైకి వచ్చింది, మూడేళ్ళనాటి మెయింటెనెన్స్ లెక్కలు బయటికొచ్చాయి.

కారణం నీళ్ళనుకుంటే పొరపాటు. కారణం ‘కొందరు’ అనే మాట. పేరు పెట్టి అంటే ఒకరికే కోపం వస్తుంది. ‘కొందరు’ అంటే 64 ఫ్లాట్లకీ వస్తుంది.

పరిష్కారం రెండు భాగాలు. ఆ రాత్రికి చేయాల్సింది వేరు, మర్నాడు చేయాల్సింది వేరు. ఆ రాత్రి గ్రూప్‌లో నీతులు చెప్పకండి. “దయచేసి అందరూ సంయమనం పాటించండి” అని నేను రాస్తే, “మీరు ఎవరి పక్షం?” అన్నారు. మొదట రాసినాయనకి ఫోన్ చేశాను.

“అంకుల్, పడుకున్నారా?”

“ఎక్కడ బాబూ, ఆ మాటలు చూశావా?”

“చూశాను. పొద్దున్నే సంపు దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఈ రాత్రికి ఇంకేం రాయకండి.”

“మరి ఆ అబ్బాయి నన్ను అంత మాట అంటే…”

“ఆయనకీ ఇప్పుడే చేస్తున్నాను.”

రెండు ఫోన్లు, పావుగంట. తర్వాత గ్రూప్ సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా పెట్టి, “పొద్దున ఏడింటికి తెరుస్తాను” అని ఒక్క లైను రాశాను. ఈ సౌకర్యం 2018 నుంచీ ఉంది. ఎప్పుడు తెరుస్తారో చెప్పకుండా మూశారో, నోరు నొక్కారంటూ అదో కొత్త గొడవ.

మర్నాడు ఒక నియమం పెట్టాం: ఫిర్యాదులో చోటు, టైము, జరిగిన పని రాయాలి. ‘కొందరు’, ‘తెలిసినవాళ్ళకి తెలుసు’ నిషేధం. మనిషి ఎవరో తెలిస్తే గ్రూప్‌లో పెట్టకుండా సెక్రటరీకి చెప్పాలి.

లక్షణం: ‘గారు’ రాలిపోవడం

థర్మామీటర్ అక్కర్లేదు. నిన్నటిదాకా ‘ఫలానా గారూ’ అని రాసినాయన ఇవాళ ఫ్లాట్ నంబరుతో పిలుస్తున్నాడంటే జ్వరం మొదలైనట్టే. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిందంటే నూట రెండు దాటింది. ఉన్నట్టుండి ప్రతి వాక్యంలో ‘సార్’ వచ్చిందా, అది ఇంకా ప్రమాదం. ఈ దశలోనే ఫోన్ చేయాలి. మెసేజ్ తీసేయడం చివరి మందు. సభ్యుల మెసేజ్‌ని అడ్మిన్ తీసేసే వీలు 2022లో వచ్చింది గానీ, తీసింది ఎవరో అందరికీ కనిపిస్తుంది. రాసినాయనకి ముందు చెప్పకుండా తీస్తే ఆయన పరువు అందరిముందూ తీసినట్టే. అప్పటికే స్క్రీన్‌షాట్ నాలుగు ఫోన్లలో ఉంటుంది కూడా.

ఒక్కోసారి అసలు కోపమే ఉండదు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం వల్ల వచ్చిన చిక్కు. కళ్ళు, కాళ్ళు, కల్లు మూడింటికీ జనం ఒకే స్పెల్లింగు కొడతారు. కళ్ళు ఎర్రబడ్డాయి, మీటింగ్‌కి రాలేనని ఒకాయన రాస్తే, “కల్లు తాగితే అంతే మరి” అని ఇంకొకాయన జోకేశాడు. ఇద్దరికీ నెలరోజులు మాటల్లేవు. తెలుగు కీబోర్డు పెట్టుకోండి, లేదా వాయిస్ మెసేజ్ పంపండి. అంతకంటే చెప్పేదేం లేదు.

లక్షణం: ట్యాంకర్ ఎప్పుడొస్తుందన్న మెసేజ్ కనిపించదు, ఫార్వర్డ్‌లే కనిపిస్తాయి

పంపేవాళ్ళలో చాలామందికి దురుద్దేశం ఏమీ ఉండదు. రిటైరై, పిల్లలు దూరంగా ఉండి, పొద్దున్నే ఎవరితోనైనా మాట్లాడాలనిపించి పంపుతారు. వాళ్ళని కసురుకోకండి. కబుర్లకి రెండో గ్రూప్ తెరిచి, దీన్ని నీళ్ళు, కరెంటు, లిఫ్టులకి వదిలేయండి. మా కబుర్ల గ్రూప్ ఇప్పుడు దీనికంటే కళకళలాడుతోంది.

పుకార్ల విషయంలో మాత్రం మెతకగా ఉండొద్దు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయన్న ఫార్వర్డ్‌లతో తెలంగాణలో కూడా అమాయకుల మీద దాడులు జరిగాయి. గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్ళలో డప్పు కొట్టించి, పాటలు పాడించి అది అబద్ధమని చెప్పించాల్సి వచ్చింది. ఆ ఏడాదే మనదేశంలో ఫార్వర్డ్‌ని ఒకసారికి అయిదు చాట్‌లకే పరిమితం చేశారు. 2020 నుంచి, చేతులు చాలా మారిన మెసేజ్ ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తుంది, దాని పైన రెండు బాణాల గుర్తు ఉంటుంది. మా నియమం: రెండు బాణాలున్నది ఇక్కడ వద్దు. అది నిజమా కాదా అన్న చర్చకే దిగం, గుర్తుంటే చాలు.

లక్షణం: గ్రూప్ ప్రశాంతంగా ఉంది, కానీ పక్కన ఇంకో గ్రూప్ పుట్టింది

ఇక్కడ జబ్బు అడ్మిన్‌దే. మా ముందు అడ్మిన్ కమిటీ ఖర్చులు అడిగిన ఇద్దరిని రిమూవ్ చేశాడు. వారం తిరక్కుండా ముప్పై మంది ‘నివాసితులు’ అని వేరు కుంపటి పెట్టారు. కొందరు చప్పుడు లేకుండా లెఫ్ట్ అయ్యారు. ఎవరైనా వెళ్ళిపోతే ఆ కబురు ఇప్పుడు అడ్మిన్లకి మాత్రమే వస్తుంది, కాబట్టి ఆ సంగతి పట్టించుకోవాల్సింది కూడా వాళ్ళే.

తెలుగు వికీపీడియా పద్ధతి చూడండి. అక్కడ చర్చలు జరిగే పేజీ పేరే రచ్చబండ. నిర్వాహకుణ్ణి అందరిముందూ చర్చించి ఎన్నుకుంటారు, ఎవరిని నిరోధించినా, ఏ పేజీ తొలగించినా ఆ పని చిట్టాలో నమోదవుతుంది. మేం అందులో సగమైనా తెచ్చుకున్నాం: ఎదురుబొదురు బ్లాకుల నుంచి ఇద్దరు అడ్మిన్లు, గొడవలో తాను కూడా ఉంటే నిర్ణయం రెండో అడ్మిన్‌ది, రిమూవ్ చేస్తే కారణం ఒక లైను గ్రూప్‌లో, ఏడు రోజుల తర్వాత మళ్ళీ చేర్చుకోవడం.

లక్షణం: అడ్మిన్‌గా ఎవరూ ఉండనంటారు

“ఎవరో ఏదో పెడితే పోలీసులు అడ్మిన్‌ని పట్టుకెళ్తారట” అన్న భయం ఒకటి. సభ్యుడు పెట్టిన పోస్టుకి, అందులో అడ్మిన్ ప్రమేయం లేనప్పుడు, అతన్ని నేరస్థుణ్ణి చేయలేమని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. చూసి కూడా తానే నలుగురికీ పంచితే ఆ రక్షణ ఉండదు, అది వేరే సంగతి.

రెండోది విసుగు. దానికి ఏ కోర్టూ ఏం చేయలేదు. ఇకమీదట మూడు నెలలకొకరు చొప్పున చూసుకునేలా వంతులు వేసుకున్నాం, రాత్రి పదింటి తర్వాత అడ్మిన్‌కి ఫోన్ చేయకూడదనీ రాసుకున్నాం. మోటార్ కాలిపోతే తప్ప.