వృత్తాలు – 3వ పాఠం: సమీకరణం నుంచి వ్యాసార్థం

పోయిన పాఠంలో కేంద్రం, వ్యాసార్థం ఇస్తే సమీకరణం రాశాం. ఇప్పుడు వెనక్కి రావాలి. తిరుపతిలో కోచింగ్‌కి వెళ్లే పిల్లలైతే సూత్రం బట్టీ కొట్టి పది సెకన్లలో జవాబు చెప్పేస్తారు. ఇంట్లో కూర్చుని సొంతంగా చదివే మీరు ముందు ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అప్పుడు పరీక్ష హాల్లో మర్చిపోయినా టెన్షన్ ఉండదు.

ఎక్స్² + వై² − 6ఎక్స్ + 8వై − 11 = 0

ఎక్స్ పదాలు ఒకచోట, వై పదాలు ఒకచోట పెట్టి, −11ని అవతలికి పంపండి.

(ఎక్స్² − 6ఎక్స్) + (వై² + 8వై) = 11

6లో సగం 3, దాని వర్గం 9. 8లో సగం 4, దాని వర్గం 16. ఈ రెండూ ఎడమవైపు కలిపితే కుడివైపు కూడా కలపాలి. చాలామంది తడబడేది ఇక్కడే, కుడివైపు మర్చిపోతారు.

(ఎక్స్ − 3)² + (వై + 4)² = 11 + 9 + 16 = 36

కేంద్రం (3, −4). వ్యాసార్థం 36 కాదు, దాని వర్గమూలం 6.

ఇదే పనిని ఎక్స్² + వై² + 2జీఎక్స్ + 2ఎఫ్‌వై + సీ = 0 మీద చేస్తే వచ్చేదే పుస్తకంలోని సూత్రం: వ్యాసార్థం = √(జీ² + ఎఫ్² − సీ). జీ అంటే ఎక్స్ గుణకంలో సగం, ఎఫ్ అంటే వై గుణకంలో సగం, సీ అంటే ఎక్స్, వై లేని సంఖ్య. పూర్తి గుణకం వేస్తే లెక్క పోయినట్టే.

ఇప్పుడు అసలు చిక్కు:

2ఎక్స్² + 2వై² − 8ఎక్స్ + 12వై − 6 = 0

ముందు ఎక్స్² పక్కనున్న 2తో మొత్తాన్ని భాగించాలి. ఎక్స్² + వై² − 4ఎక్స్ + 6వై − 3 = 0 అవుతుంది. జీ = −2, ఎఫ్ = 3, సీ = −3 కాబట్టి 4 + 9 + 3 = 16, వ్యాసార్థం 4. భాగించకుండా సూత్రం వేస్తే √58 వస్తుంది. ఈఏపీసెట్ లాంటి పరీక్షల్లో ఇలాంటి తప్పు జవాబు కూడా ఆప్షన్లలో ఉండొచ్చు, జాగ్రత్త.

మన ఊరి లెక్క ఒకటి. తిరుపతి రైల్వే స్టేషన్ (0, 0), తూర్పు ఎక్స్, ఉత్తరం వై, కొలత కిలోమీటర్లలో అనుకోండి. క్యారియర్ భోజనం పంపే ఒకావిడ తాను వెళ్లగలిగే హద్దును ఎక్స్² + వై² − 2ఎక్స్ − 4వై − 4 = 0 అని గీశారు. 1 + 4 + 4 = 9. అంటే స్టేషన్‌కి తూర్పుగా 1, ఉత్తరంగా 2 కిలోమీటర్ల దగ్గరున్న వంటిల్లు కేంద్రంగా, 3 కిలోమీటర్ల దాకా భోజనం వెళ్తుంది. స్టేషన్‌లో దిగినవాళ్లకు అందుతుందా? వంటింటికీ స్టేషన్‌కీ దూరం √5, అది 3 కంటే తక్కువ. అందుతుంది.

అభ్యాసం, జవాబులు 4వ పాఠంలో:

ఎక్స్² + వై² + 10ఎక్స్ − 24వై = 0
3ఎక్స్² + 3వై² − 6ఎక్స్ + 12వై − 12 = 0
ఎక్స్² + వై² − 4ఎక్స్ − 2వై + 5 = 0

మూడోదానికి వచ్చిన జవాబు వింతగా కనిపించినా కొట్టేయకండి. వచ్చే పాఠం దానితోనే మొదలుపెడదాం.