డై రంగు పట్టకపోతే: రుథేనియం సెల్‌లో తప్పు ఎక్కడుంటుంది?

అక్టోబరు వచ్చిందంటే నెల్లూరులో వానలు, నాకు డై సోలార్ సెల్ (డై వెలుగును పీల్చి కరెంటిచ్చే సెల్) చేసే పిల్లల ఫోన్లు. "సార్, డై బాలేదు సార్. ఫిల్మ్ గులాబీ రంగు దగ్గరే ఆగిపోయింది." రోహిణి కార్తెలో ఇదే పిల్లలు ఇదే సీసాలోని ఎన్719 అనే రుథేనియం డైతో ముదురు మెరూన్ ఫిల్ములు తీశారు. అబ్బయ్యా, డైని అనబాక. సీసా మారలా, గాలి మారింది.

గాజు మీద టైటానియం డయాక్సైడ్ పేస్టు పూయడం, ఫర్నేసులో కాల్చి ఫిల్మ్ చేయడం, రెండు గాజుల మధ్య ఎలక్ట్రోలైట్ ద్రావణం నింపడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

కరెంటు అసలు రావడం లేదు

మల్టీమీటర్ తీయండి. గ్లాసుకు ఏ వైపు కరెంటు పారే పూత ఉందో చూశారా? పూత వైపు పదుల ఓముల్లో రీడింగు వస్తుంది, రెండో వైపు ఏమీ రాదు. పది సెకన్ల పని. అయినా ప్రతి బ్యాచ్‌లో ఒకరు ఉత్త గాజు మీద పేస్టు పూసి, అరగంట కాల్చి, రాత్రంతా డైలో నానబెట్టి, పొద్దున్నే నా దగ్గరికొస్తారు. సెల్‌లో ఎదురుగా పెట్టే ప్లాటినం పూసిన గ్లాసుకూ ఇదే పరీక్ష.

రంగు పాలిపోయింది, కరెంటు సగమే

అసలు కథ ఇది. రుథేనియం డై ఒక్క పొరగా నున్నటి పలక మీద ఉంటే వెలుగును పెద్దగా పీల్చుకోదు. 1991లో ఈ సెల్‌ను చేసి చూపిన శాస్త్రవేత్తలు ఓరెగన్, గ్రాట్జెల్ నానో రంధ్రాల టైటానియం డయాక్సైడ్ వాడింది అందుకే. 10-12 మైక్రాన్ల మందంలో కణకణానికీ డై అంటుకోవాలి. డై అణువుకున్న కార్బాక్సిల్ గుంపులే దాని చేతులు, వాటితో టైటానియాన్ని పట్టుకుంటుంది. కానీ ఆ చోట్లలో నీళ్లు ముందే కూర్చుని ఉంటే? ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసేసిన సీటులాంటిదే. డై వచ్చి నిలబడుతుంది, ఆల్కహాల్‌తో కడగ్గానే దిగిపోతుంది.

ఇది తెలియక ఒక నవంబరులో రెండు వారాలు పోగొట్టుకున్నాను. పేస్టు మార్చా, ఫర్నేసును అనుమానించా, డై అమ్మినవాణ్ని తిట్టా. మేం శనివారం కాల్చిన ఫిల్ములను పెట్రీ డిష్‌లో పెట్టి, సోమవారం డైలో వేసేవాళ్లం. ఒకరోజు ఒంగోలు బస్సుకు టైమైపోతోందని ఒకమ్మాయి ఫిల్మ్ పూర్తిగా చల్లారకముందే డైలో వేసి వెళ్లిపోయింది. మర్నాడు చూస్తే దానిదొక్కటే నల్లగా మెరిసే మెరూన్. చివాట్లు పెడదామనుకున్నవాణ్ని నోరు మూసుకున్నా.

కాబట్టి పద్ధతి ఇది. 450 డిగ్రీల్లో అరగంట కాల్చాక ఫిల్మ్ 78 డిగ్రీల లోపుకు దిగేదాకా ఆగి, నేరుగా డైలోకి వేయండి. ఆల్కహాల్ 78కే మరుగుతుంది, అంతకంటే వేడిగా వేయొద్దు. డై గిన్నెను ఫర్నేసు పక్కన అసలే పెట్టొద్దు. పాత ఫిల్ములు ఉంటే మళ్లీ 450కి తీసుకెళ్లండి. "120లో ఆరబెడితే చాలదా?" అంటారు. చాలదు. పైపైన తేమ పోతుంది గానీ రంధ్రాల్లో గట్టిగా పట్టుకున్నది పూర్తిగా వదలదు.

నీళ్లు వచ్చే రెండో దారి ఆల్కహాల్. రెక్టిఫైడ్ స్పిరిట్‌లో 5 శాతం దాకా నీళ్లే, ఎంత బట్టీ పట్టినా అవి పోవు. అబ్సల్యూట్ ఆల్కహాల్ సీసా అయినా మన సముద్రపు గాలికి పదిసార్లు మూత తీస్తే దాని సంగతీ అంతే. నీళ్లు తీసేసిన తెల్ల మైలుతుత్తం చిటికెడు వేసి చూడండి. నీలం తిరిగితే ఆ ఆల్కహాల్ గాజుసామాను కడగడానికే. నీళ్లను పీల్చే గుళికలు, 3ఎ మాలిక్యులర్ సీవ్స్‌ను 300 డిగ్రీల్లో కొన్ని గంటలు వేడిచేసి, చల్లార్చి, ఆల్కహాల్‌లో ఒక రాత్రి ఉంచండి. వాటిని డై ద్రావణంలో మాత్రం వేయకండి.

మూడోది ఎవరూ చూడనిది: ఫ్రిజ్‌లోంచి తీసిన డై సీసాను వెంటనే తెరవడం. చల్లటి సీసాలో గాలి తేమ చెమ్మగా దిగుతుంది. గది వేడికి వచ్చేదాకా మూత ముట్టుకోకండి.

రంగు రాలేదని మూడు రోజులు నానబెట్టేవాళ్లున్నారు. 0.3 మిల్లీమోలార్ ద్రావణంలో, అంటే 100 మి.లీ.కి 36 మిల్లీగ్రాములు, ఒక రాత్రి చాలు. అప్పటికీ పట్టని రంగు మూడు రోజులకు పట్టదు.

రంగు బాగుంది, కరెంటు తక్కువ

ఎన్719లో అయితే ఆల్కహాల్‌తో కడగడం మర్చిపోయి ఉంటారు, ఒకదాని మీద ఒకటి పేరుకున్న డై ఎలక్ట్రాన్లను సరిగా అందించదు. జింక్ పోర్ఫిరిన్, జింక్ థాలోసయనిన్ లాంటి వేరే డైలు వాడుతుంటే అణువులు గుంపులు కట్టడం వాటి స్వభావం. గుంపులు కట్టకుండా డైతోపాటు కీనోడీఆక్సీకోలిక్ యాసిడ్ కలపండి.

డై వెలుగుకు చెడిందా, సరుకే నకిలీయా అన్న అనుమానాలు చివరికి. నా చేతుల్లో అలాంటివి అరుదు.

రెండో రోజుకి అంచులు పసుపు తిరిగాయి

మళ్లీ నీళ్లే, ఈసారి సీలు సందులోంచి. లోపలికి వచ్చిన నీరు డైని టైటానియం నుంచి వదిలిస్తుంది, డైలోని రుథేనియం పట్టుకున్న థయోసయనేట్ గుంపును తోసేసి అక్కడ కూర్చుంటుంది. ఎలక్ట్రోలైట్ పోసిన రంధ్రం చుట్టూ తడి లేకుండా తుడిచి, అప్పుడు సీలు వేయండి. సీలు వేసే ప్లాస్టిక్ సర్లిన్ కింద ఒక్క చుక్క ఉన్నా అతుక్కోదు.