ప్యాచ్ వేశాక బహమూత్ లగూన్ నల్ల స్క్రీన్ దగ్గరే ఆగిపోతోందా? ముందు ఫైల్ సైజు చూడండి

1996లో జపాన్ గేమ్ కంపెనీ స్క్వేర్, నింటెండో గేమ్ యంత్రమైన సూపర్ ఫామికామ్‌కి తెచ్చిన బహమూత్ లగూన్ అనే గేమ్ పాశ్చాత్య దేశాల్లో అధికారికంగా విడుదల కాలేదు. అదే ఏడాది వచ్చిన రుద్రా నో హిహో సంగతీ అంతే. అందులో మంత్రాలను ఆడేవాళ్లే అక్షరం అక్షరం కూర్చి రాయాలి, కాబట్టి జపనీస్ రాకపోతే ముందుకు కదలడం కష్టం. సొంత కార్ట్రిడ్జ్ నుంచి తీసుకున్న రోమ్ ఫైల్ (గేమ్ మొత్తం కాపీ) మీద అభిమానుల అనువాద ప్యాచ్ (ఆ కాపీలో మార్పులు చేసే చిన్న ఫైల్) వేసుకోవడమే దారి.

సమస్య: ప్యాచ్ ఏ ఎర్రరూ లేకుండా పడింది. గేమ్ తెరిస్తే నల్ల స్క్రీన్, లేదా అక్షరాల చోట పిచ్చి గీతలు.

చాలామంది వెంటనే ఎమ్యులేటర్ (ఈ గేమ్‌ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్) మార్చేస్తారు. దయచేసి ఆగండి.

కారణం: దాదాపు ప్రతిసారీ హెడరే. 1990ల్లో సూపర్ వైల్డ్ కార్డ్ లాంటి కాపియర్లు (కార్ట్రిడ్జ్‌ని కాపీ చేసే పరికరాలు) గేమ్‌ని ఫ్లాపీలోకి దించేటప్పుడు ఫైల్ మొదట్లో తమ అవసరానికి 512 బైట్లు చేర్చేవి, అదే హెడర్. గేమ్‌కి వాటితో పనిలేదు. ఐపీఎస్ అనే రకం ప్యాచ్‌కి మాత్రం తెలిసింది ఒక్కటే: ఫలానా స్థానంలో ఫలానా బైట్లు రాయడం. అక్కడ ముందు ఏముందో అది చూడదు. హెడర్ లేని ఫైల్ కోసం చేసిన ప్యాచ్‌ని హెడర్ ఉన్నదాని మీద వేస్తే ప్రతి మార్పూ 512 బైట్లు పక్కకు పడుతుంది. అయినా ప్యాచ్ విజయవంతం అనే మెసేజే వస్తుంది.

నన్ను బాగా ఏడిపించింది ఇంకో రకం. అసలు అనువాదం హెడర్ లేని ఫైల్ మీద సరిగ్గానే పడింది. దానిపైన వేసిన చిన్న బగ్ ఫిక్స్ మాత్రం హెడర్ ఉన్న ఫైల్‌కి చేసింది. గేమ్ మామూలుగానే నడిచింది. పదిహేను గంటలు ఆడాక ఒక యుద్ధం లోడ్ కాకుండా ఆగిపోయింది. రెండు రాత్రులు సేవ్ ఫైల్‌ని అనుమానిస్తూ కూర్చున్నాను.

పరిష్కారం: విండోస్‌లో ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి ‘సైజ్’ చూడండి. కింద ఉండే ‘సైజ్ ఆన్ డిస్క్’ చూడకండి, అది పైకి సవరించిన అంకె, హెడర్‌ని దాచేస్తుంది. బహమూత్ లగూన్ 31,45,728 బైట్లు ఉంటే హెడర్ లేనట్టు, 31,46,240 ఉంటే ఉన్నట్టు. వేరే సూపర్ ఫామికామ్ గేమ్ అయితే సైజుని 1024తో భాగించండి, శేషం 512 వస్తే హెడర్ ఉంది. ఎస్ఎంసీ, ఎస్ఎఫ్‌సీ అనే ఎక్స్‌టెన్షన్ చూసి తేల్చుకోవద్దు. ప్యాచ్‌తో వచ్చిన రీడ్‌మీ ఏ రకం ఫైల్ అడుగుతోందో చదవండి, ప్రతి ప్యాచ్‌కీ విడిగా చదవండి. హెడర్ తీసేయాలంటే ఫైల్‌ని బైట్లుగా చూపించి మార్చనిచ్చే హెక్స్ ఎడిటర్‌లో మొదటి 512 బైట్లు తొలగిస్తే చాలు. ఆ తర్వాత ప్యాచ్‌ని ఇంతవరకు ఏ ప్యాచూ పడని అసలు కాపీ మీదే వేయండి. పాడైన ఫైల్ మీద మళ్లీ వేస్తే బాగుపడదు.

మిగతావి అరుదు. బీపీఎస్ ప్యాచ్ (ముందు ఫైల్ సరైనదేనా అని చూసుకునే రకం) మీ ఫైల్‌ని ఒప్పుకోకపోతే అది వేరే వెర్షన్, లేదా ముందే ప్యాచ్ పడిన ఫైల్, బలవంతంగా వేయొద్దు. ప్యాచ్ తర్వాత కూడా పాత జపనీస్ కనిపిస్తుంటే స్టేట్ (ఎమ్యులేటర్ భద్రపరిచిన ఆ క్షణపు మెమరీ) లోడ్ చేయడం మానేసి, గేమ్ లోపలి సేవ్ నుంచి మొదలుపెట్టండి.