రెండు రోజులకు ఫెజ్ వెళ్తున్నారా? బయల్దేరే ముందే చూసుకోవాల్సినవి

మొరాకోలోని ఫెజ్‌కు రెండు మూడు రోజుల మీద వెళ్లొచ్చే తెలుగువాళ్లు చాలావరకు యూరప్‌లో ఉద్యోగమో చదువో చేసుకుంటున్నవాళ్లే. ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ, జర్మనీల నుంచి చవక విమానాలు నేరుగా ఫెజ్‌లో దిగుతాయి. హైదరాబాద్ నుంచి అయితే దుబాయ్‌లోనో దోహాలోనో మారి కాసాబ్లాంకా చేరాలి, అక్కడి నుంచి రైలు. అలా వచ్చేవాళ్లు ఒక్క ఫెజ్ కోసం రారు, మొరాకో మొత్తం చుట్టే ప్లాన్‌లో దానికి రెండు రోజులు కేటాయిస్తారు. ఎటు నుంచి వచ్చినా చిక్కు ఒకటే. ఊరు పాతది, సందులు లెక్కలేనన్ని, చేతిలో టైం తక్కువ.

భయపడాల్సిన ఊరేమీ కాదది. జేబుదొంగతనాలు ఏ టూరిస్టు ఊళ్లో ఉన్నట్టే అక్కడా ఉంటాయి. అసలు డబ్బు, ఓపిక పోయేది కంగారు పడినప్పుడు. దారి తెలియక సందు మొగలో నిలబడి ఫోన్ వైపు చూస్తున్న మనిషి అక్కడ అందరికీ బేరమే. అందుకని నిర్ణయాలన్నీ ఇంట్లో కూర్చునే చేసేసుకుని వెళ్లాలి. కింద చెప్పేవన్నీ దానికోసమే.

వీసాతో మొదలుపెడదాం. భారత పాస్‌పోర్టుకు మొరాకో వీసా తప్పనిసరి. మొరాకో ప్రభుత్వ పోర్టల్‌లో ఈ-వీసా సదుపాయం ఉంది. మీ పాస్‌పోర్టుకు, మీ రెసిడెన్స్ కార్డుకు ఏ రకం వర్తిస్తుందో అక్కడే చూసుకోండి. అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే కనిపించే ఏజెంట్ సైట్లు గూగుల్‌లో పైన వస్తాయి, వాటికి రెట్టింపు రుసుము కట్టి మోసపోకండి. యూరప్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో మొరాకో లేదు. సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా మీద ఉన్నవాళ్లు స్పెయిన్ నుంచి ఫెజ్‌కు ఎగిరారంటే ఆ వీసా అక్కడితో అయిపోయినట్టే, తిరిగి రానివ్వరు. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్‌కు ఇచ్చి కేవలం రసీదు చేతిలో పెట్టుకున్న విద్యార్థులు, ఆ కాగితంతో తిరిగి రావచ్చో లేదో తేల్చుకున్నాకే టికెట్ కొనాలి. వెళ్లేటప్పుడు ఎవరూ ఆపరు. ఇబ్బందంతా వచ్చేటప్పుడే.

ఎప్పుడు వెళ్లాలి అన్నది తర్వాతి మాట. ఏప్రిల్, మే, అక్టోబర్ హాయిగా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో ఎండ ఒక్కోసారి 40 డిగ్రీలు దాటుతుంది. మా రాయలసీమ ఎండ చూసినవాళ్లం, ఇదెంత అనుకోవద్దు. గాలి ఆడని సందుల్లో ఎత్తుపల్లాలు ఎక్కి దిగాలి మరి. డిసెంబర్, జనవరిల్లో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. పాత ఇళ్లలో హీటర్లు అంతంతమాత్రం, రాత్రిళ్లు ఎముకలు కొరికే చలి, వాన పడితే రాళ్లు పరిచిన దారి జారుతుంది. చెప్పుల సోకు మానుకుని గట్టి పట్టున్న బూట్లు తీసుకెళ్లండి.

వారం కూడా చూసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి పాత ఊళ్లో చాలా దుకాణాలు మూసేస్తారు. నమాజు అయ్యాక ఇంట్లో కుస్కుస్ అనే గోధుమ రవ్వ వంటకం తినే రోజది. రెండు రోజుల ట్రిప్‌లో ఒకటి శుక్రవారమైతే సగం బజారు చూడనట్టే. బక్రీద్ సమయంలో అయితే దుకాణాలు రోజుల తరబడి తెరవరు. రంజాన్ నెలలో పగలు హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయి, వీధిలో నిలబడి తినడం, తాగడం మర్యాద కాదు. గడియారం కూడా మారుతుంది. ఏడాదంతా జీఎంటీకి గంట ముందుండే మొరాకో, రంజాన్ నెలకు మాత్రం గంట వెనక్కి జరుగుతుంది. ఆ మార్పు జరిగే రోజు అటో ఇటో మీ రైలో విమానమో ఉంటే, చేతి గడియారాన్ని నమ్ముకోకండి.

ఇక బస. పాత ఊరిలో, అంటే ఫెస్ ఎల్ బాలీలో, రియాద్‌లు అని పాత ఇళ్లను బసలుగా మార్చారు. మన మండువా లోగిలి లాంటివే, నడిమధ్య ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు. చాలా బాగుంటాయి, కాని వాటి గుమ్మం దాకా ఏ బండీ రాదు. కారు పాత ఊరి చుట్టూ ఉన్న కోటగోడ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మీరు, మీ చక్రాల పెట్టె, ఎగుడుదిగుడు రాళ్ల మీద. బుక్ చేసినప్పుడే రియాద్ వాళ్లకు మెసేజ్ పెట్టి మూడు సంగతులు అడగండి. ఏ గుమ్మం దగ్గర దిగాలి, అక్కడికి మనిషిని పంపుతారా, సామాను తోపుడు బండికి ఎంతివ్వాలి. రాత్రి పొద్దుపోయాక దిగే విమానమైతే టాక్సీ కూడా వాళ్లనే పంపమనండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా అది దండగ ఖర్చు కాదు. వీలైతే పెట్టె మానేసి వీపు సంచితో వెళ్లడం ఇంకా మంచిది.

ఊళ్లో తిరిగే ఎర్ర చిన్న టాక్సీల్లో ముగ్గురినే ఎక్కించుకుంటారు. అమ్మానాన్నలతో కలిపి నలుగురు వెళ్తే రెండు టాక్సీలు కావాలని ముందే అనుకోండి. ఎక్కగానే మీటరు వేయమనాలి, "కొంతర్" అంటే అర్థమవుతుంది. రాత్రి పూట మీటరు మీద సగం అదనం ఉంటుంది, అది మోసం కాదు. విమానాశ్రయం నుంచి వచ్చే పెద్ద టాక్సీలకు మాత్రం ఎక్కకముందే ధర తేల్చుకోవాలి.

డబ్బు విషయం. దిర్హామ్ దేశం బయట పెద్దగా దొరకదు, 2,000 దిర్హాములకు మించి లోపలికి తేవడం గాని బయటికి తీసుకెళ్లడం గాని నిబంధనలకు విరుద్ధం. రూపాయలు అక్కడ మారవు. యూరోలు పట్టుకెళ్లండి, లేదా అక్కడి ఏటీఎంలో తీసుకోండి. మెషిన్ 200 నోట్లే ఇస్తే, వాటిని పెద్ద హోటల్లోనో స్టేషన్‌లోనో ముందు చిల్లర చేసుకోవాలి. చిల్లర లేదనే మాట మీదే సగం అధిక వసూళ్లు నడుస్తాయి. పెద్దవయసు వ్యాపారులు కొందరు ధర రియాళ్లలో చెబుతారు. 20 రియాళ్లు ఒక దిర్హామ్. నిమ్మకాయలకు వంద అన్నాడని గుండె ఆగక్కర్లేదు, అది అయిదు దిర్హాములే.

పాత ఊళ్లో నడక

ఇదే అసలు పరీక్ష. 789లో మొదలైన ఊరు, 1981 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. సందులు తొమ్మిది వేల పైచిలుకు అని చెబుతారు. గోడలు ఎత్తు, సందులు ఇరుకు కావడంతో ఫోన్‌లో నీలం చుక్క ఇళ్ల పైకప్పుల మీద గంతులేస్తూ ఉంటుంది. ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకోండి, కాని దాన్నే నమ్ముకోవద్దు. వాలును నమ్ముకోండి. నీలం పలకల గుమ్మం బాబ్ బూజ్లూద్ ఎగువన ఉంటుంది. అక్కణ్ణుంచి తలా కబీరా, తలా స్గీరా అనే రెండు పెద్ద వీధులు పక్కపక్కనే పల్లంలోకి దిగుతాయి. దిగువన అత్తారీన్ మదరసా, ఖరవియ్యీన్ మసీదు, ఇంకా కిందికి వెళ్తే ర్సీఫ్ కూడలి. దారి తప్పారా, ఏదో ఒక వాలు పట్టుకుని ఎగువకు నడిస్తే బూజ్లూద్ వైపు తేలతారు. దిగువకు నడిస్తే ర్సీఫ్ దగ్గర టాక్సీలు దొరుకుతాయి. ఈ రెండు పేర్లు నోటికి వస్తే చాలు, ఏ కొట్టువాణ్ణి అడిగినా చేయి చూపిస్తాడు.

అడగాల్సింది కొట్టులో కూర్చున్నవాణ్ణి. తనంతట తానే వచ్చి పలకరించిన కుర్రాణ్ణి కాదు. ఆ కుర్రాడి మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి: "అటు దారి మూసేశారు. పెద్ద స్క్వేర్ ఇటు. ఇండియానా? షారుఖ్ ఖాన్! డబ్బులేం వద్దు, నేనూ అటే వెళ్తున్నా." దారి మూసి ఉండదు. అతను అటు వెళ్లడం లేదు. నాలుగు మలుపులు తిప్పి ఏ తివాచీ కొట్టు ముందో నిలబెట్టి, వంద దిర్హాములు అడుగుతాడు. "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అని నవ్వుతూ, నడక ఆపకుండా చెప్పడమే మందు. ఆగి వివరించబోయారా, సంభాషణ మొదలైనట్టే. కోప్పడటం అంతకన్నా దండగ. నిజంగా తప్పిపోయి, నిజంగా దారి చూపించారనుకోండి, పదో ఇరవయ్యో చేతిలో పెట్టండి, అది న్యాయం.

మొదటి పూటకు లైసెన్సున్న గైడును పెట్టుకోవడం నా లెక్కలో మంచి ఖర్చు. మెళ్లో అధికారిక కార్డు ఉంటుంది, చూపించమని అడగొచ్చు. రియాద్ ద్వారా మాట్లాడుకోండి. మొదటి మాటగానే "కొట్లు వద్దు, కట్టడాలు చూపించు" అని చెప్పేయాలి. గైడు తీసుకెళ్లిన కొట్లో మీరు కొన్న ప్రతి దాంట్లో అతనికి వాటా ఉంటుంది.

సందుల్లో "బాలక్! బాలక్!" అని వెనక నుంచి కేక వినిపిస్తే తల తిప్పి చూడకుండా గోడకు ఆనుకోండి. గ్యాస్ సిలిండర్లనో పచ్చి తోళ్లనో మోసుకుంటూ కంచరగాడిద వచ్చేస్తుంటుంది, దానికి బ్రేకులుండవు. పిల్లల్ని గోడ వైపు నడిపించాలి. మెడలో కెమెరా, భుజాన సంచి కూడా గోడ వైపే.

చూడాల్సినవాటిలో 14వ శతాబ్దపు మదరసాలు బూ ఇనానియా, అత్తారీన్ రెండింటిలోకీ టికెట్‌తో ఎవరినైనా రానిస్తారు. 859లో మొదలైన ఖరవియ్యీన్ మసీదులోకి, రెండో మౌలే ఇద్రీస్ దర్గాలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు. గుమ్మం బయట నిలబడి చూడొచ్చు, గడప దాటకూడదు. హైదరాబాద్, కర్నూలు వైపు నుంచి వెళ్లే ముస్లిం కుటుంబాలు నమాజుకు లోపలికి వెళ్లొచ్చు. ఆడవాళ్లయినా మగవాళ్లయినా భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుంటే ఎక్కడా మాట పడదు.

తోళ్లను పదును చేసి రంగులద్దే షువారా దగ్గర అందరూ ఒకే చోట చిక్కుకుంటారు. తొట్లు కనపడేది చుట్టూ ఉన్న తోలు కొట్ల మేడల మీద నుంచే. గుమ్మంలో పుదీనా రెమ్మ చేతికిస్తారు, ముక్కు దగ్గర పెట్టుకోమని. పుచ్చుకోండి, నిజంగానే అవసరం. తెల్ల తొట్లలో సున్నం, పావురాల రెట్ట. రంగు తొట్లలో మనుషులు మోకాళ్ల లోతున దిగి తోళ్లను తొక్కుతుంటారు. చూడ్డం ఉచితమే అంటారు, దిగేటప్పుడు కొట్టు మీదుగానే దింపుతారు. ఏమీ కొనకపోతే పది ఇరవై దిర్హాములిచ్చి వచ్చేయండి. కొనేట్టయితే తోలు సంచిని ముక్కు దగ్గర పెట్టి వాసన చూడాలి. సరిగ్గా పదును కాని తోలు ఇంటికొచ్చాక గదంతా కంపు కొడుతుంది. ఇంకో మాట, "కాక్టస్ సిల్క్" అని అమ్మే బట్ట ఎక్కువ చోట్ల మామూలు రేయానే. నచ్చితే కొనండి, పట్టు ధర మాత్రం పెట్టకండి. రంగులేసిన అలంకారపు తజీన్ కుండలు గోడకే బాగుంటాయి, వాటిలో వండొద్దు. పై పూతలో సీసం ఉండే ప్రమాదం ఉంది.

శాకాహారులకు

మాంసం ముక్క కనపడకపోయినంత మాత్రాన శాకాహారం కాదు. హరీరా సూపు తరచుగా మాంసం రసంతోనే కాస్తారు. ఏడు కూరగాయల కుస్కుస్ కింద మాంసం ఉడికి ఉండొచ్చు. అన్నిటికన్నా పస్తిల్లాతో జాగ్రత్త. పైన చక్కెర పొడి, దాల్చినచెక్క చల్లి మిఠాయిలా ఉంటుంది, లోపల కోడి మాంసమో పావురం మాంసమో. "బ్లా ల్హమ్" అంటే మాంసం లేకుండా అని. కోడి వేరే లెక్క, "బ్లా ద్జాజ్" అని అది కూడా చెప్పాలి. నమ్మకంగా తినదగ్గవి బీసారా అనే ఎండు బీన్స్ పప్పు, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి, పొద్దున్నే వేడి వేడిగా చవకగా దొరికేది, వంకాయ జాలూక్, పొరల పరోటా లాంటి మస్మన్. జాలూక్ మన నోటికి ఇట్టే పట్టేస్తుంది. కారం చాలలేదనిపిస్తే ఇంటి నుంచి పచ్చడి ప్యాకెట్ తీసుకెళ్లండి, తప్పేం లేదు. నీళ్లు సీసావే తాగండి.

పిల్లుల్ని ముద్దు చేయకండి. ఫెజ్ నిండా పిల్లులే, కాని మొరాకోలో రేబిస్ ఉంది. 2018లో అక్కడ పిల్లి కరిచిన ఒక బ్రిటన్ వాసి రేబిస్‌తో చనిపోయారు. గీరినా కరిచినా సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక చూద్దాం అనుకోకూడదు. పిల్లలకు ఈ ముక్క విమానం ఎక్కకముందే చెప్పాలి. అందుకే రెండు రోజులకైనా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఊళ్లో పోలీసుకు 19, అంబులెన్సుకు 15.

డ్రోన్ ఇంట్లోనే ఉంచండి. అనుమతి లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. రాజభవనం ఇత్తడి తలుపుల దగ్గర ఫోటో దిగొచ్చు, కాపలావాళ్లను, పోలీసులను తీయకూడదు. సందుల్లో చరస్ కావాలా అని చెవిలో గొణుగుతారు. సరదాకు కూడా బేరమాడొద్దు, అది జైలు వ్యవహారం.

ఇక రెండు రోజుల్లో "సహారా కూడా చూసేద్దాం" అనేవాళ్లకు: మెర్జూగా ఇసుక తిన్నెలు ఫెజ్ నుంచి ఒక దారే ఎనిమిది తొమ్మిది గంటలు, కొండ రోడ్డు. నీలం ఇళ్ల కొండ ఊరు షెఫ్‌షావెన్ పోనూ రానూ రోజు మొత్తం తినేస్తుంది. అంత సరదా ఉంటే ఒక రోజు పెంచుకోండి. లేదంటే దగ్గరలోని మెక్నెస్ ఊరు, వొలుబిలిస్ రోమన్ శిథిలాలు చూసి రావచ్చు, అదే నయం.

తిరుగు ప్రయాణానికి టాక్సీ ముందు రాత్రే రియాద్‌లో చెప్పి ఉంచండి, తెల్లవారుజామున కోట గుమ్మం దగ్గర దొరక్కపోవచ్చు. మిగిలిన దిర్హాములను సెక్యూరిటీ దాటకముందే మార్చేసుకోండి, ఏటీఎం చీటీలు దాచి ఉంచితే కౌంటర్‌లో అడిగినప్పుడు పనికొస్తాయి.